రత్తం చుక్కకూర మడి

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరుండేది, బంగారం. ఆ ఊళ్ళో పడవ నడిపే సింహాచలం, వాళ్ళావిడ వరాలు ఉండేవాళ్ళు. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పేరు నూకరత్నం, తొమ్మిదేళ్ళు. అందరూ రత్తం అనేవాళ్ళు. చిన్నది కనకం, ఇంకా నడక రాని పసిది.

ఒక ఏడాది వరాలుకి దగ్గు పట్టుకుంది. ఏ మందుకీ లొంగలేదు. అప్పుడు డాక్టరు, దూరాన కొండ మీద ఉన్న ఆసుపత్రిలో ఉంచాలన్నాడు. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వద్దన్నాడు.

వెళ్ళే రోజు పొద్దున్నే వరాలు రత్తాన్ని పెరట్లోకి పిలిచింది. అక్కడ చిన్న చుక్కకూర మడి ఉంది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

"చుట్టూరా ఉన్న పెద్దాకుల్ని కాడ మొదటికంటా తుంచు. నడిమి లేతాకులు మాత్రం ముట్టుకోకు. అవి ఉంటేనే మళ్ళీ పెరుగుతుంది. పప్పులో వేసి, మెత్తగా మెదిపి చెల్లికి పెట్టు."

"నువ్వెప్పుడొస్తావమ్మా?"

"మూడు నెలలన్నారు. ఈ కూర అయిపోకముందే వచ్చేస్తాలే."

ఆ మాట రత్తం మనసులో నాటుకుపోయింది.

మొదటి నెల అమ్మ చెప్పినట్టే కోసింది. రెండో నెలా అంతే. నాన్న పడవ ఒడ్డుకి తగిలినప్పుడల్లా చెల్లిని చంకనేసుకుని పరిగెత్తేది. దిగిన వాళ్ళ మొహాలన్నీ వెతికేది. ఆ తర్వాత మూడో నెలా అయిపోయింది. అమ్మ రాలేదు, ఉత్తరం వచ్చింది. ఇంకొన్నాళ్ళు పడుతుందిట.

అప్పుడు రత్తానికి భయం వేసింది. కూర అయిపోతే అమ్మ ఇంక రాదేమో! ఆ రోజు నుంచి ఒక్క ఆకు కూడా తుంచలేదు. మడి చుట్టూ కంప కట్టింది. వట్టి పప్పే వండింది.

కొన్నాళ్ళకి ఆకులు ముదిరిపోయాయి. అంచులు పసుపెక్కాయి. నడిమి నుంచి పూతకాడలు లేచాయి. రత్తం మడి పక్కన కూచుని ఏడుస్తుంటే పక్కింటి సూరమ్మ పెద్దమ్మ చూసింది.

"కొయ్యడం ఎందుకు మానేశావే?"

"అమ్మొచ్చేదాకా దాద్దామని."

పెద్దమ్మ కంప తీసి పక్కన పెట్టింది. "కూర దాస్తే ఉండదమ్మా, ముదిరి పూతకొస్తుంది. కోసుకుంటూ ఉంటేనే కొత్తాకు వేస్తుంది. ముందు ఆ పూతకాడలు తుంచు. తర్వాత ముదురాకులు తీసెయ్యి."

రత్తం ముక్కు చీదుకుంటూ తుంచింది. ఒక్కో కాడ తెగుతుంటే ప్రాణం ఉసూరుమంది. మడి బోసిపోయింది. రోజూ నీళ్ళు పోసింది. పది రోజులకి, నడిమి నుంచి వేలెడేసి ఆకులు పైకొచ్చాయి.

అలా ఇంకో నాలుగు నెలలు కోసింది, వండింది, చెల్లికి పెట్టింది. కనకానికి నడకొచ్చింది. మాటొచ్చింది. ఆ పిచ్చితల్లి రత్తాన్నే "అమ్మా" అని పిలిచేది.

ఒకరోజు మధ్యాహ్నం పడవలోంచి వరాలు దిగింది. దగ్గు లేదు. చిక్కిపోయింది, అంతే. చేతులు చాపింది. కనకం ఎవరో కొత్తమనిషి అనుకుని "అమ్మా!" అంటూ రత్తం మెడ కరుచుకుపోయింది.

వరాలు చేతులు మెల్లగా దించేసుకుంది.

మొదటి రోజు కనకం తల్లి వంక చూడలేదు. రెండో రోజు తలుపు చాటునించి తొంగి చూసింది. ఇద్దరికీ మధ్య రత్తం నిలబడింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన అమ్మ అక్కడే ఉంది, చంకలో చెల్లి దిగదు. ఎలా వెళ్తుంది?

మూడో రోజు సాయంత్రం వరాలు చుక్కకూర పప్పుతో అన్నం కలిపి, గుమ్మంలో కూచుని ముద్దలు చేసింది. కనకం అక్క చంక దిగింది. తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి నోరు తెరిచింది. ఒక ముద్ద తింది, రెండు తింది, మూడో ముద్దకి తల్లి మోకాలు పట్టుకుని అక్కడే చతికిలబడింది.

అప్పుడు రత్తం తన ఖాళీ చేతుల వంక చూసుకుంది. గబగబా వెళ్ళి రెండో మోకాలి మీద తల పెట్టేసి, "అమ్మా, నాకూ" అంది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.