కొట్టివేత లేని రికార్డు

పూర్వం ఒక సంస్థానంలో, కచేరీలో పలికిన ప్రతి మాటా రికార్డులో రాయాలని రాజుగారి కట్టడి. ఒక్క కొట్టివేత కనిపించినా అది రాసే రాయసగాడి ఉద్యోగం ఊడినట్టే. నెలకోసారి రాజుగారే దాన్ని చదివించుకుని వినేవారు.

కుమ్మరి సూరమ్మ బతుకంతా ఒక మట్టిగుంట మీదే. దాన్ని దివాను తన తోటలో కలిపేసుకున్నాడు. ఆమె కచేరీకెక్కింది. అక్కడ తీర్పు చెప్పేదీ ఆ దివానే.

"పెద్ద రాజావారు మా తాతకు నోటిమాటగా ఇచ్చిన గుంట బాబూ!"

"రికార్డులో లేనిది లేనట్టే, పో!" అన్నాడు దివాను. "రాజుకు చెప్పుకుంటావా? ఆయన నేను ఆడించినట్టు ఆడతాడు!"

సూరమ్మకు ఒళ్లు మండింది. అయినా నెమ్మదిగా రాయసగాడి వైపు తిరిగింది. "రాశారా అయ్యా?"

"రాశానమ్మా."

రాజుగారు ఇది వింటారని దివానుకు అప్పుడు తట్టింది. "కొట్టెయ్‌రా దాన్ని!"

"కొట్టెయ్యమన్నారని కూడా రాయండయ్యా."

కలం కదిలింది.

"నేనలా అనలేదు!"

"అదీ రాయండి."

దివాను లెక్క వేసుకున్నాడు. అన్నమాట చెరగదు. దాని కింద మంచిమాట చేర్చడం ఒక్కటే దారి.

"అదంతా వేళాకోళం!" అని అరిచాడు. "ఆ గుంట సూరమ్మదే! ఆమె పిల్లలదే!"

"నిదానంగా చెప్పండి బాబూ," అంది సూరమ్మ, "అయ్యగారు రాసుకోవాలి."