నూకాలు తెచ్చిన సూరీడి నిప్పు

అనగనగా ఆకాశానికి అవతలి ఒడ్డున, ఓ బుల్లి లోకంలో నూకాలని ఒక పిల్ల ఉండేదిరా కన్నా. అది నోరు తెరిస్తే పెద్దవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఒకనాడు వాళ్ళ ముసలి సూరీడు ఉబ్బి ఉబ్బి, ఒంటిమీది మంటంతా ఉఫ్‌మని ఊదేశాడు. ఆకాశం నిండా రంగురంగుల పొగ వలయాలు! సూరీడు మాత్రం కనపడలేదు.

"సూరీడు పోయాడు," అని తేల్చేశాడు ఊరిపెద్ద సింహాద్రి. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా? అందుకని అందరి పొయ్యిల్లోనూ నీళ్ళు పోయించాడు. అప్పుడు లోకమంతా చల్లబడిపోయింది. నూకాలు తమ్ముడు చంటివాడు. వాడు చలికి బిగుసుకుపోయి, ఏడవడం కూడా మానేశాడు.

"తాతా, పోయినట్టు నువ్వు చూశావా?" అని సింహాద్రిని నిలదీసింది నూకాలు.

"అంత పొగ కనపడ్డం లేదుటే?"

"పొగని చూసి శోకాలు పెడతారా ఎవరైనా? నే వెళ్ళి చూసొస్తా. బతికుంటే నిప్పు తెస్తా."

కుంపటి ఒళ్ళో పెట్టుకుని గాలిపడవ ఎక్కింది. ముందు ఎర్రపొగ. తెడ్డు వేసినకొద్దీ పడవ వెనక్కే పోతోంది. "నీ చేతులు నొప్పెడితే తమ్ముడి చలి ఆగుతుందిటే?" అని తనని తనే తిట్టుకుని దాటేసింది. ఆ తర్వాత పచ్చపొగ. ఎంత అందమో! చూస్తూ అక్కడే కూర్చోవాలనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని దాటేసింది. ఆ తర్వాత నీలంపొగ. పడవ అంచులు మాడాయి, జుట్టు కమిలింది. అయినా వెనక్కి తిరగలేదు.

నట్టనడుమ గోళీకాయంత సూరీడు! తెల్లగా, కళ్ళు చెదిరిపోయేలా వెలుగుతున్నాడు.

"నువ్వు పోయావని మావాళ్ళు పొయ్యిలార్పేశారు!"

"బరువెక్కిన దుప్పట్లు తీసి పారేశానే పిల్లా! ఒళ్ళు తగ్గితే పోయినట్టేనా?"

"ఆ మాట వాళ్ళకి చెప్పాలి. ఓ నిప్పుకణిక పడెయ్యి."

నూకాలు కుంపట్లో నిప్పుతో తిరిగొచ్చేసరికి సింహాద్రి వాళ్ళింటి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "మైల తీరలేదే..."

"బతికున్నవాడికి మైలేంటి తాతా? జరుగు!"

సింహాద్రి కుంపట్లోకి తొంగిచూశాడు. ఆ తెల్లని వెలుగుకి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొయ్యి ముందు చతికిలబడి, ఊదుగొట్టం తనే అందుకున్నాడు.

గంజి కాగింది. రెండు గుక్కలు లోపలికి పోగానే చంటివాడు ఊరెగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు విని ఊరంతా నవ్వింది.

పొయ్యిలో నిప్పు రాజుకుంది,
పొట్టలో గంజి సర్దుకుంది,
కథేమో కంచి దారి పట్టింది,
కన్నగాడికి నిద్ర ముంచుకొచ్చింది!