దిగిరాని కాఫీ

అనగనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ ఇంట్లో ఒక గాజు కాఫీ మిషను ఉండేది. ఊఁ కొడతావా బుజ్జీ? కొట్టు మరి.

ఆ మిషను ఎలా ఉండేదనుకున్నావు! కింద ఒక గుండ్రటి గాజుబుడ్డి, దాని నెత్తిన ఇంకో గాజుబుడ్డి. మధ్యన సన్నటి గాజు గొట్టం. కింది బుడ్డిలో నీళ్ళు పోసి, పై బుడ్డిలో కాఫీపొడి వేసేవారు. పొడి కిందికి జారకుండా గొట్టం మూతి మీద చిన్న గుడ్డముక్క. అడుగున స్పిరిటు దీపం. ఓడల కంపెనీలో పనిచేసిన మాణిక్యమ్మ మామగారు ఎప్పుడో తెచ్చాడట.

దీపం వెలిగిస్తే కాసేపటికి నీళ్ళు బుడబుడమంటూ, పైనుంచి ఎవరో పిలిచినట్టు గొట్టంలోంచి ఎక్కేసేవి. పొడితో కలిసి గిరగిరా తిరిగేవి. అప్పుడు దీపం తీసేస్తే, కింది బుడ్డి చల్లారి, కాఫీని గుటగుటా లోపలికి లాగేసుకునేది. పొడంతా పైనే ఉండిపోయేది. కాఫీ ఎంత తేటగా ఉండేదంటే, బుడ్డి వెనక వేలు పెడితే వేలు కనిపించేది. ఇల్లంతా కమ్మటి వాసన. చూసినవాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోయేవారు. మాణిక్యమ్మకు అదే గొప్ప.

ఆ తర్వాత ఆ ఇంటికి వరాలు అనే కొత్త కోడలొచ్చింది. అంబలి తాగే పల్లె పిల్ల. మిషను దగ్గరికొస్తే చాలు, మాణిక్యమ్మ కసిరేది.

"దూరంగా ఉండు. పగిలితే మీ నాన్న తెస్తాడా ఇంకోటి?"

కొన్నాళ్ళకు వరాలు వాళ్ళ నాన్న పైడయ్య, కూతుర్ని చూడ్డానికి వస్తున్నానని కబురు పెట్టాడు. వియ్యంకుడికి మిషను చూపించాలని మాణిక్యమ్మకు ఒకటే సంబరం. ముందురోజు తన నేతచీరలకు గంజి పెడుతూ, ఆ కాఫీ గుడ్డను కూడా అదే గంజిలో ముంచి ఆరేసింది. ఉతికిన గుడ్డకు గంజి పెట్టకుండా మడత పెట్టడం ఆవిడకు చేతకాదు. పొద్దున్నకి గుడ్డ పెళపెళలాడుతుంటే చూసి మురిసిపోయింది కూడా.

పైడయ్య వచ్చాడు. పక్కింటి నరసమ్మ కూడా వచ్చి కూచుంది. మాణిక్యమ్మ దీపం వెలిగించింది. నీళ్ళు పైకెక్కాయి. పైడయ్య "అబ్బో!" అన్నాడు. అప్పుడు మాణిక్యమ్మ దీపం తీసేసింది.

కాఫీ దిగలేదు. అందరూ చూస్తున్నారు. ఒక్క చుక్క దిగలేదు.

"ఏంటి మాణిక్యం, మీ కాఫీ అలిగి మేడెక్కిందా?" అని నరసమ్మ పకపకా నవ్వింది.

మాణిక్యమ్మ మొహం కందగడ్డయిపోయింది. "ఈ వరాలే ఏదో కెలికుంటుంది. ఎంత చెప్పినా చేతులు ఊరుకోవు" అనేసింది.

వరాలు నోరు తెరిచింది. వాళ్ళ నాన్న వైపు చూసి మళ్ళీ మూసేసింది.

ఆ తర్వాత ఎప్పటికో కాఫీ బొట్టుబొట్టుగా దిగింది. గ్లాసులో పోస్తుంటే మాణిక్యమ్మ వేలికి అంటింది. జిగట. గుడ్డకు పెట్టిన గంజి వేడికి నాని దారి మూసేసిందని ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. చెప్పేద్దామనుకుంది. నరసమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. చెప్పలేకపోయింది.

అప్పుడు పైడయ్య అన్నాడు. "చిన్నపిల్ల చెల్లెమ్మా. తెలీక చేసుంటది. నేను చెప్తాను దానికి." మాణిక్యమ్మ గోడకేసి చూసింది. అప్పుడూ చెప్పలేదు.

పైడయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆ గంజి కాఫీని అడుగుదాకా తాగేశాడు. మీసం తుడుచుకుని, "బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. మాణిక్యమ్మ ఆయన మొహం చూడకుండా గ్లాసు తీసుకుని గబగబా వంటింట్లోకి పోయింది. మూడోసారి కూడా చెప్పలేదు బుజ్జీ.

నరసమ్మ వెళ్ళిపోయింది. వరండాలోంచి తండ్రీకూతుళ్ళ మాటలు వంటింట్లోకి వినిపించాయి.

"నేను ముట్టుకోలేదు నానా."

"నాకు తెలుసు తల్లీ. అయినా ముట్టుకున్నాననే అను. ఈ ఇంట్లో బతకాలి కదా."

మాణిక్యమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆవిడకు తన వంటింట్లో తనకే నిలబడ చోటు లేనట్టనిపించింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం పట్టుకుని బయటికొచ్చింది.

"అన్నయ్యగారూ, పిల్ల ముట్టుకోలేదు. గుడ్డకు గంజి పెట్టింది నేను. తెలిసి కూడా నోరు మూసుకున్నాను" అంది. పిట్టగోడ అవతల నరసమ్మకు వినపడేలాగే అంది.

పైడయ్య తిడితే బాగుండుననుకుంది. తిట్టలేదు. నేలకేసి చూస్తూ, "నాదీ తప్పే అమ్మీ" అన్నాడు కూతురితో. "అబద్ధమని తెలిసీ ఒప్పుకోమన్నాను. నాకే సిగ్గేస్తంది."

అప్పటిదాకా ఏడవని వరాలు అప్పుడు ఏడ్చింది. పెద్దవాళ్ళిద్దరూ తలొంచుకునే ఉన్నారు. చివరికి వరాలే పైట కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇద్దరూ లేచి కాళ్ళు కడుక్కోండి. అన్నం చల్లారిపోతోంది" అంది.

ఇద్దరూ మారుమాట్లాడకుండా లేచారు.

ఊఁ అనడం మానేశావే? కళ్ళు మూతలు పడ్డాయా? పడుకో బంగారూ.

కథేమో కంచికి,
దీపమేమో గూటికి,
నిద్దరేమో కంటికి,
మనమేమో ఇంటికి.