నక్క వదిలేసిన పదో లెక్క

ఏటి ఒడ్డున కొంగ మాస్టారు నడిపే లెక్కల కాలేజీలో ఆ ఏడు నక్క కూడా చేరిందంటే, చదువు మీద ప్రేమతో అనుకునేరు. దాని బాధ దానిది. కోతలయ్యాక చేలో మిగిలిపోయిన మొక్కజొన్న పొత్తుల్ని ఏరి, కుప్పపోసి, జంతువులన్నిటికీ పంచే పెద్దరికం ఏళ్ల తరబడి నక్కదే. ఏటా దాని బొజ్జ నిండేది, కుందేళ్లకి మాత్రం పొత్తుల మీది పీచు మిగిలేది. కుందేళ్లు మొత్తుకోగా మొత్తుకోగా అడవి పెద్దలు ఒక మాట తేల్చారు. ఇకమీదట లెక్కలు పాసైనవాళ్లే పంచాలి.

నక్కకి పోటీగా పేరిచ్చింది ఎద్దు ఒక్కటే. ఇద్దరూ పాసైతే, అలవాటైన చెయ్యి కాబట్టి పెద్దరికం నక్కకే. నక్క తప్పితేనే ఎద్దుకి. అంచేత నక్కకి గొప్ప మార్కులు అక్కర్లేదు, గట్టెక్కితే చాలు.

మొదటిరోజే కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడి, తడి ఇసుకలో ముక్కుతో గీస్తూ చెప్పారు. "మొత్తం వంద. హోంవర్కుకి ఇరవై, మధ్యలో పెట్టే పరీక్షకి ముప్పై, ఆఖరి పరీక్షకి యాభై. అన్నీ కలిపి నలభై వస్తే పాస్. ఆఖరి పరీక్షలో పది లెక్కలుంటాయి, ఒక్కోటి అయిదు మార్కులు. జవాబు పూర్తిగా సరిపోతేనే అయిదూ. సగం మార్కులనే మాట నా దగ్గర ఎత్తకండి."

ఆ రోజు నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత ఏ పాఠానికీ అవి మళ్ళీ లేవలేదు. హోంవర్కు ఎద్దుది చూసి దించేసేది. ఎద్దు పాపం నెమ్మది మనిషి, కాదనేది కాదు. ఇద్దరికీ హోంవర్కులో పద్దెనిమిదేసి వచ్చాయి. మధ్య పరీక్షలో నక్కకి పది, ఎద్దుకి ఆరు.

"నా పనైపోయింది బావా," అంది ఎద్దు దిగులుగా.

"ఏం అయిపోలేదు. ఇలా కూర్చో," అంది నక్క. తెలివి చూపించుకోడానికి ఒకరు దొరికితే దానికి ఎక్కడలేని ఓపికా వస్తుంది. "నీకిప్పటికి పద్దెనిమిదీ ఆరూ ఇరవై నాలుగు. కావల్సింది నలభై. ఇంకెన్ని?"

"పదహారు."

"లెక్కకి అయిదు. నాలుగు లెక్కలు చేస్తే గట్టెక్కుతావు. నాకు ఇరవై ఎనిమిదున్నాయి, పన్నెండు చాలు. అంటే మూడే లెక్కలు. అర్థమైందా?"

"ఇంకోసారి చెప్పు బావా."

నక్క ఇంకోసారి చెప్పింది. మర్నాడు నీళ్ల రేవులో మళ్ళీ చెప్పింది. పరీక్ష వచ్చేలోగా ఎద్దు ఆ లెక్క నెమరేసి నెమరేసి ఒంటబట్టించుకుంది.

"అయితే మూడే రాస్తావా బావా? చేతిలో పనుండగా లేచి పోవడమేంటి?"

"నాలుగోది రాస్తే దండగ," అని నక్క మీసం దువ్వుకుంది. "తెలివైనవాడు కావల్సినంతే చేస్తాడు."

పరీక్షనాడు కొంగ మాస్టారు ఇసుకలో పది లెక్కలూ వరసగా రాశారు. నక్క మొదటి మూడూ చదివి చకచకా చేసేసింది. మిగతావాటి వంక తలెత్తి కూడా చూడకుండా తుమ్మచెట్టు నీడకి పోయి కునుకు తీసింది. ఎద్దు మాత్రం ఒక్కో లెక్కనీ నమిలి నమిలి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

ఫలితాలనాడు అడవంతా ఏటి ఒడ్డున చేరింది. కుందేళ్లు ముందు వరసలో నిలబడ్డాయి.

"ఎద్దు, నలభై నాలుగు, పాస్," అన్నారు కొంగ మాస్టారు. "నక్క, ముప్పై ఎనిమిది, ఫెయిల్."

నక్క నవ్వింది. "మాస్టారూ, కూడికలో ఎక్కడో పొరబడ్డారు. నేను మూడు లెక్కలు చేశాను కదండీ."

"చేశావు. మూడోది చదువు."

నక్క చదివింది. "నూట ఇరవై మూడు పొత్తులు పదిమందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని, మిగిలేవి ఎన్ని? తలా పన్నెండు. మిగిలేవి సున్నా."

"మిగిలిన మూడూ ఏమయ్యాయి?"

"అవి పంచినవాడివి కదండీ!" అనేసింది నక్క, ఏళ్ల అలవాటు కొద్దీ. అన్నాక గానీ తానేమందో దానికి తెలియలేదు. కుందేళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఇన్నేళ్లూ పొత్తులు ఎటు పోయాయో వాటికి ఆ క్షణాన తెలిసింది.

నక్క గబుక్కున మాట మార్చింది. "రెండే మార్కులండీ మాస్టారూ. ఇంకో లెక్క చేసుంటే..."

"పదోది చూశావా?"

నక్క అప్పుడు చూసింది, మొదటిసారి. ఒక విద్యార్థికి హోంవర్కులో ఇన్ని, మధ్య పరీక్షలో ఇన్ని వచ్చాయి, పాసవ్వాలంటే ఆఖరి పరీక్షలో ఎన్ని లెక్కలు చెయ్యాలి?

దానికి కళ్లంట నీళ్లొచ్చినంత పనైంది. నిద్రలో లేపినా చెప్పగల లెక్క అది.

"నాకు సరిపోయినవి నాలుగే బావా," అంది ఎద్దు మెల్లగా. "అందులో నాలుగోది ఇదే. ఇది రాకపోతే నేనూ తప్పేవాణ్ణి. నీ ఋణం ఉంచుకోను, ఈసారి నీ వాటా నేనే ఇంటికి తెచ్చిస్తా."

అన్నట్టే తెచ్చింది, అందరితో సమానంగా పన్నెండు పొత్తులు. నక్క వాటిని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుని, ఇంకేమైనా ఉన్నాయేమోనని ఎద్దు వెనక్కి మెడ సాచింది.

"మరి మిగిలినవి ఎవరికి బావా?"

"మిగిలినవి మిగిలినట్టే ఉన్నాయి బావా. వచ్చే కుప్పలో కలిపేస్తా." ఎద్దు కాస్త ఆగి అడిగింది. "మళ్ళీ పరీక్ష పెడతారట. ఈసారి ఎన్ని లెక్కలు రాస్తావు?"

నక్క పొత్తు మీది పీచు ఒలుస్తూ, తల దించుకునే చెప్పింది. "పదీ."

ఒడ్డు చేరడానికి ఎంత చాలునో కొలుచుకుని అంతే ఈదేవాడు, ఒడ్డుకి జానెడు దూరంలో మునుగుతాడు.