మూడో మలుపులో టీచరమ్మ

పదిహేనేళ్లుగా తెనాలిలో కారు నడపడం నేర్పుతున్న సౌదామినికి, ఒక శిష్యురాలు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఆ శిష్యురాలి పేరు పరిమళ. ఆసుపత్రిలో నర్సు. వానలో రేపల్లె రోడ్డు మీద ఒక మలుపు దగ్గర ఆమె కారు జారి పొలంలోకి దిగిపోయింది. ప్రాణానికేమీ కాలేదు గానీ మణికట్టు విరిగింది. సౌదామిని చూడ్డానికి వెళ్లింది. పరిమళ నిష్ఠూరమాడలేదు. నిజంగా అర్థం కాకే అడిగింది.

"నెమ్మదిగానే వెళ్తున్నాను మేడమ్. మీరు చెప్పినట్టే బ్రేకు తొక్కాను. మరి ఎందుకు జారింది?"

"రోడ్డు తడిగా ఉంది కదమ్మా."

"నా ముందు వ్యాను కూడా ఆ తడి మీదే వెళ్లింది. అది జారలేదు."

సౌదామిని తను తెచ్చిన కమలాపళ్లు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆమె నేర్పేటప్పుడు కూర్చునేది డ్రైవరు పక్క సీట్లో. అక్కడ ఆమె కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే చాలు, ఆమె కాలు దానంతటదే తొక్కేస్తుంది. ఆ కాలి పుణ్యాన ఇన్నేళ్లలో తన బండికి ఒక్క సొట్ట పడలేదని ఆమెకు గర్వం. కానీ ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. జారుతున్న బండిలో ఏం జరుగుతుందో తను ఎప్పుడూ చూడలేదు. ఆ కాలు చూడనివ్వలేదు.

నెల తిరక్కుండా ఆమె స్కూలు గేటుకు "మూడు రోజులు సెలవు" అని అట్ట కట్టి రైలెక్కింది. చెన్నై వైపు, సరిహద్దు దాటాక, ఊళ్లకు దూరంగా ఒక రేసు ట్రాక్ ఉందనీ, అక్కడ జిలానీ అనే పెద్దాయన కొత్తవాళ్లకు రేసు కారు నడపడం నేర్పుతాడనీ ఎవరో చెప్పారు. సొంతూరు కావలి. చిన్నప్పుడు మెకానిక్కు, తర్వాత రేసు డ్రైవరు. ఇప్పుడు అరవై ఐదు దాటాయి. అందరూ ఉస్తాద్ అంటారు.

తెల్లవారి ఆరున్నరకు ఆమె వెళ్లేసరికి ఆయన చెప్పులు విడిచి, ట్రాక్ మీద వట్టి కాళ్లతో నడుస్తున్నాడు. మధ్యలో వంగి చిన్న చిన్న రాళ్లు ఏరి జేబులో వేసుకుంటున్నాడు. మార్గశిరం మంచు ఇంకా విడలేదు.

"ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు.

"డ్రైవింగ్ స్కూలు నడుపుతానండి. నేర్పుతాను."

"అట్టయితే టీచరమ్మ" అన్నాడాయన. ఆ క్షణం నుంచి అదే ఆమె పేరు.

షెడ్డులో ఆమెకిచ్చే బండిని చూపించాడు. ఒక్క మనిషి మాత్రమే పట్టే సన్నటి కారు. పైకప్పు లేదు. నాలుగు టైర్లూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. సౌదామిని అలవాటుగా టైర్ల దగ్గర కూర్చుంది. కారు ఎక్కేముందు టైరు చూడమని ఆమె అందరికీ మొదటి రోజే నేర్పుతుంది. చూడగానే లేచి నిలబడింది.

"ఇవి అరిగిపోయాయండి. గీతలే లేవు. ఈ బండి నేనెక్కను."

"కొత్తవే టీచరమ్మా. నిన్ననే బిగించా. వీటికి గీతలుండవు."

"గీతల్లేకుండా రోడ్డును ఎలా పట్టుకుంటాయి?"

"పట్టుకుంటాయి" అని మాత్రం అన్నాడు జిలానీ.

హెల్మెట్ పెట్టి, ఆరు పట్టీలు బిగిస్తే ఊపిరి కూడా అడిగి తీసుకోవాలన్నట్టుగా ఉంది. నేలకు జానెడు ఎత్తులో కూర్చుంది. ఎదురుగా వేగం చూపించే ముల్లు కోసం వెతికింది. లేదు. ఇంజను ఎంత తిరుగుతోందో చూపించే ముల్లు ఒక్కటే ఉంది.

"ఎంత వేగంలో వెళ్తున్నానో నాకెలా తెలుస్తుంది?"

"తెలుసుకోని ఏం చేస్తారు?" అన్నాడు జిలానీ. ఎగతాళిగా అనలేదు. ఆమె చెబితే వినాలన్నట్టుగానే అడిగాడు.

ఆయన చెప్పింది ఒకటే. "బండి తిరుగుతున్నప్పుడు బ్రేకు తొక్కమాక. తొక్కేదేదో తిప్పకముందే తొక్కు."

ఆ మాట ఆమె కూడా నేర్చుకునేవాళ్లకు చెప్పేదే. తల ఊపింది.

ఇంజను వీపు వెనకే ఉంది. ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్లలోకి వచ్చింది. సౌదామిని జాగ్రత్తగా బయల్దేరింది. మొదటి మలుపు, రెండో మలుపు నెమ్మదిగా దాటింది. మూడోది కుడివైపుకి తిరిగే పొడవాటి మలుపు. అందులో సగం తిరిగాక లోపలి నుంచి ఏదో భయం లేచింది. కాలు బ్రేకు మీద పడింది. ఆకాశం, గడ్డి, షెడ్డు, మళ్లీ ఆకాశం. బండి బొంగరంలా తిరిగి, వచ్చిన దారికి ఎదురుగా ఆగింది.

ఇంజను ఆగిపోయింది. తర్వాత గడ్డిలో ఏదో పిట్ట అరిచింది.

మర్నాడు కూడా అదే మలుపులో బండి రెండుసార్లు గిర్రున తిరిగింది. రెండోసారి గోడకు రెండు బారల దూరంలో ఆగింది. ట్రాక్ చూసుకునే కుమరేశన్ జీపు వేసుకుని వచ్చాడు. మంచివాడే గానీ రూలు దగ్గర మొహమాటం లేని మనిషి.

"మేడమ్, మూడుసార్లు అయింది. నాలుగోసారి తిరిగితే బండి షెడ్డుకే. ఇంక ఇవ్వకూడదు. మీ క్షేమం కోసమే రూలు" అన్నాడు.

ఆమె జిలానీ వైపు చూసింది. ఆయన రూలును కాదనలేదు.

ఆ సాయంత్రం ఆమె ఆయన దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆయన స్పానర్లు ఒక్కొక్కటీ గుడ్డతో తుడుస్తున్నాడు.

"పొద్దున మీరు నడుపుతుంటే చూశాను. నాకంటే రెట్టింపు వేగంతో ఆ మలుపు తిరుగుతారు. మీ బండి జారదు. నేను భయపడుతూ, నెమ్మదిగా తిరుగుతాను. నాది జారుతుంది. నా శిష్యురాలు ఒకమ్మాయి కూడా ఇదే అడిగింది. చెప్పలేకపోయాను. ఎందుకిలా?"

జిలానీ తుడుస్తున్న చెయ్యి ఆపాడు.

"రేపు నా వెనక రా" అన్నాడు.

ఆఖరి రోజు పొద్దున రెండు బండ్లూ ఒకేసారి బయటికొచ్చాయి. ముందు జిలానీది, రంగు వెలిసిన నీలం బండి. వెనక ఆమెది. మొదటి మలుపు దాటేసరికే ఆ నీలం చుక్క మంచులో కలిసిపోయింది. సౌదామినికి పోటీ పడాలని లేదు. నాలుగోసారి తిరక్కుండా ఉంటే చాలు. ప్రతి మలుపుకూ చాలా ముందే వేగం తగ్గించి, వీధిలో వెళ్తున్నట్టు వెళ్లింది. అయినా మూడో మలుపులో వెనక భాగం ఒకసారి చటుక్కున పక్కకు లాగింది. ఎలాగో నిలిచింది. ఈలోగా జిలానీ ఆమెను మూడుసార్లు దాటి వెళ్లిపోయాడు. దాటిన ప్రతిసారీ ఆయన బండి నేలకు అంటించినట్టుగా కనిపించింది.

ఇద్దరూ పక్కపక్కనే ఆగారు. ఆమె హెల్మెట్ తీయకముందే ఆయన వచ్చి, "చేతికున్నది తియ్యి" అన్నాడు.

ఆమె గ్లవ్ తీసింది. ఆయన తన బండి దగ్గరికి తీసుకెళ్లి, ముందు టైరు వైపు వేలు చూపించాడు. ఆమె అరచెయ్యి ఆనించి, వెంటనే లాగేసుకుంది. కాలుతోంది. కాలడం ఒక్కటే కాదు, చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే టైరు వదల్లేదు. పనసతొన ఒలిచిన చేతిలా జిగురుగా లాగింది. చూసుకుంటే అరచేతినిండా నల్లటి మరకలు, రెండు ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి.

తర్వాత ఆయన ఆమె బండి వైపు చూశాడు.

సౌదామిని వెళ్లి తన టైరు మీద అదే చెయ్యి పెట్టింది.

చల్లగా ఉంది. పొద్దున్నే గచ్చు మీద చెయ్యి పెట్టినట్టుంది. గట్టిగా, నున్నగా ఉంది. చెయ్యి జరిపితే జారింది.

ఆమె లేచి నాలుగో టైరు దాకా నడిచింది. నాలుగూ అంతే. మళ్లీ నీలం బండి దగ్గరికి వెళ్లి, ఈసారి భయం లేకుండా, వేలి కొసతో టైరును తాకింది. ఒకే ట్రాక్. ఒకే మంచు. అంతసేపూ ఇద్దరూ తిరిగారు.

"నావి ఇంకా నిద్రే లేవలేదు" అంది, ఎవరితోనో అన్నట్టు.

జిలానీ ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసులో టీ పోసుకుంటున్నాడు.

"ఇంకోసారి వెళ్తాను" అంది సౌదామిని.

కుమరేశన్ గడియారం చూసుకున్నాడు. "పావుగంటే ఉంది మేడమ్. రూలు గుర్తుంది కదా?"

"ఉందండి."

ఈసారి ఆమె వేగం కోసం చూడలేదు. కింద ఏం జరుగుతోందో చూసింది. టైర్లు వేడెక్కాలని పొడవైన దారిలో ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. మలుపు రాకముందే, చక్రాలు తిన్నగా ఉండగానే, పట్టీలు భుజాల్లోకి దిగేలా బ్రేకు వేసింది. మలుపు దాటగానే మళ్లీ ఆక్సిలరేటర్ తొక్కింది. రెండో చుట్టుకు కూడా స్టీరింగు నీళ్ల మీద తిప్పినట్టే ఉంది. మూడో చుట్టులో కొంచెం బరువు తెలిసింది. నాలుగో చుట్టులో ఆ బరువు చేతుల నిండా వచ్చింది. ఎవరో అవతలి నుంచి తన చెయ్యి పట్టుకున్నట్టు ఉంది. ఆమె భయం మరిచిపోయింది. ఇంకా పట్టుకుంటుందా, ఇంకాస్త వెళ్తే ఏమంటుంది అని ఒకటే ఆత్రం.

అయిదో చుట్టు. మూడో మలుపు.

ఇంతకు ముందెప్పుడూ వెళ్లనంత వేగంగా అందులోకి వెళ్లింది. సగం తిరిగేసరికి నడుము కింద ఏదో సన్నగా కదిలింది. వెనక టైర్ల చప్పుడు మారింది. అప్పటిదాకా బుసకొడుతున్నవి సన్నగా పాడినట్టు వినిపించాయి. ఆ తర్వాత బండి వెనక భాగం మెల్లగా బయటికి జరగడం మొదలుపెట్టింది.

కాలు బ్రేకు మీదికి లేచింది. పదిహేనేళ్ల కాలు. ఆమె దాన్ని అక్కడే, గాల్లోనే ఆపింది.

చేతులు బండి జరుగుతున్న వైపుకు కొద్దిగా తిరిగాయి. తను తిప్పినట్టు కూడా ఆమెకు తెలియలేదు. చాలా సమయం ఉన్నట్టనిపించింది. గడ్డి అంచున ఉన్న తెల్లటి గీత కనిపించింది. దాని మీద మంచు ఆరుతున్న తడి మరక కూడా కనిపించింది. బండి ఒక్కసారి ఊగి, తిన్నబడి, ముందుకు దూకింది.

దూరంగా కుమరేశన్ ఎర్రజెండా పైకెత్తినవాడు కాస్తా, అలాగే నిలబడి, నెమ్మదిగా దించాడు.

ఆమె వచ్చి బండి ఆపి, పట్టీలు విప్పుకుంది. హెల్మెట్ తీస్తే జుట్టంతా చెమటతో నుదుటికి అంటుకుపోయి ఉంది. జిలానీ గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

"మూడో మలుపులో మళ్లీ జారింది ఉస్తాద్ గారూ" అంది.

"ఊఁ."

"కానీ ఈసారి ముందే చెప్పింది. మొదట నడుం దగ్గర తెలిసింది. తర్వాత చప్పుడు మారింది. అంతా చెప్పి, అప్పుడు జారింది. మరి నా శిష్యురాలికి చెప్పలేదేం?"

జిలానీ గ్లాసులో మిగిలిన ఆఖరి గుక్క తాగి, అడుగున ఉన్న నలక గడ్డిలో పారబోశాడు.

"ఎప్పుడూ చెప్పే జారుద్ది టీచరమ్మా" అన్నాడు.