శరభయ్య కొలిచిన చలి

శరభయ్యకు కంటిమీద కునుకు లేక నెల దాటింది. కారణం దయ్యమూ కాదు, దోమా కాదు. ఆ చలికి దోమ అంటూ ఒకటి బతికి బట్టకడితే దానికి గుడి కట్టించవచ్చు. శరభయ్య నిద్ర చెడగొట్టింది ఒక గాజుగొట్టం.

ఆ గొట్టం ఉండేది హిమాలయాల్లో, దారులు కూడా ఇక మా వల్ల కాదని చేతులెత్తేసే చోట, తారకస్వామి ఆశ్రమం వెనక గట్టు మీద. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె, చుట్టూ గాలి ఆడేటట్టు వాలు పలకలు, లోపల థర్మామీటరు. వాతావరణ ఆఫీసు వాళ్ళు ఏ కాలంలోనో దాన్ని మోసుకొచ్చి పెట్టి, "స్వామీజీ, రోజూ తెల్లవారుతుండగా చూసి రాయండి, నెలాఖరుకు సరాసరి కట్టి వైర్‌లెస్‌లో చెప్పండి" అని దణ్ణం పెట్టి దిగిపోయారు. ఆనాటి నుంచీ ఒక్క పొద్దూ తప్పిపోలేదు.

ఎలా తప్పిపోతుంది! తారకస్వామి అంటే ఏమనుకున్నారు! ఏడు భాషల్లో మాట్లాడేవారు, డెబ్బై భాషల్లో మౌనంగా ఉండేవారు. తుఫాను కొండను జుట్టు పట్టుకుని ఊపేస్తున్న రోజున కూడా ఒక నల్ల కంబళి కప్పుకుని, పూలు కోసుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళి, చూసి వచ్చేవారు. ఒకసారి పెట్టెకు అడ్డంగా ఎలుగుబంటి పడుకుని ఉంటే, "కాస్త జరుగు నాయనా, పనుంది" అన్నారట. అది జరగడమే కాదు, స్వామి పని అయ్యేదాకా ఆవలింత కూడా ఆపుకుని కూర్చుందట. చూసినవాళ్ళు చెప్పారు. చూడనివాళ్ళు ఇంకా బాగా చెప్పారు.

ఈ ఏడాది మొదట్లో స్వామి కళ్ళకు పొర కమ్మింది. థర్మామీటరు మీద గీతలు ఆనడం మానేశాయి. ఒక పొద్దున పెట్టె తాళంచెవి శిష్యుడు శరభయ్య చేతిలో పెట్టి, "ఇక నువ్వు చూడు" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

శరభయ్యది పల్నాడులో రెంటచింతల. మే నెలలో ఆ ఊరి ఎండకు అరుగు మీద పోసిన వేరుశెనక్కాయలు వాటంతటవే వేగి, తినేవాళ్ళ కోసం ఎదురుచూస్తాయి. అలాంటి ఊరివాడికి చలి కొలిచే ఉద్యోగం! ఇక ఆగుతాడా? తోటి సాధువుల ముందు ఛాతీ విరిచాడు.

"ఎండ ఎత్తు చూసినవాణ్ణి. ఇక చలి లోతు తేలుస్తాను. స్వామివారి లెక్కలో నా వల్ల ఒక్క గీత తేడా వస్తే నా పేరు శరభయ్యే కాదు!"

జనవరి సరాసరి కట్టేసరికి ఆ గొంతు తగ్గింది. స్వామి రాసి పెట్టిన ఏ జనవరి కంటే కూడా అది వెచ్చగా తేలింది. ఏళ్ళ మీద కొండ కొద్దికొద్దిగా వేడెక్కుతున్న మాట స్వామి లెక్కల్లోనే ఉంది. కానీ ఇలా ఒక్క గెంతులో ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కడో పొరపాటు పడ్డానేమోనని శరభయ్యకు గుబులు పట్టుకుంది. ఫిబ్రవరి పుట్టిన దగ్గర్నుంచీ ఒకసారి చూసేవాడు మూడుసార్లు చూశాడు. చేతిలో పట్టుకునే లాంతరును గొట్టం పక్కనే పెట్టుకుని, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా వంగి, గీత గీతనూ కళ్ళతో తడిమాడు. ఫిబ్రవరి ఇంకా వెచ్చబడింది.

ఇందులో అంత బెంగపడాల్సింది ఏముందంటారా? కింద లోయలో ఝరోలి అని ఒక ఊరుంది. దాని నెత్తిన, ఇంటి మీద కప్పులా, పెద్ద మంచువాలు వంగి ఉంటుంది. చలి గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఆ మంచు కొండను కరుచుకుని ఉంటుంది. చలి సడలిందా, పట్టు వదిలి ఊరి మీదికి దిగుతుంది. అందుకే నెలనెలా ఆ ఊరి పెద్ద సూరజ్‌మణి కొండెక్కి వచ్చి ఆశ్రమంలో ఒకే ప్రశ్న అడిగి వెళ్తుంది.

ఫిబ్రవరి ఆఖర్లో ఆమె రానే వచ్చింది. ఆమె నడకకు బాట మీది మంచు తనంతట తానే దారి ఇచ్చేదని చెప్పుకునేవారు. వస్తూనే పొయ్యి దగ్గర కూలబడి, "ఎంత, చిన్న బాబా?" అంది.

శరభయ్య చెప్పాడు. ఆమె చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"జనవరి కంటే వెచ్చనా?"

"అవునమ్మా."

"నాకు ఒళ్ళు మాత్రం వెచ్చగా లేదే! నా మేకల గడ్డాలు పొద్దున్నే కర్రల్లా బిగుసుకుంటున్నాయి."

"గొట్టం అలాగే చెబుతోందమ్మా. నేను మూడేసి సార్లు చూస్తున్నాను."

"మేక గడ్డం నమ్మాలా, నీ గొట్టం నమ్మాలా? మా అత్తగారి కాలం నుంచీ గొట్టాన్నే నమ్మాం." గ్లాసు కింద పెట్టింది. "మూటలు కట్టించే వచ్చాను. ఊరు వదలాలంటే ఉన్నది ఒక్క ఇరుకు లోయ, దానినిండా జారుడు మంచు. మొన్న పుట్టిన బిడ్డలున్నారు, మంచం దిగని ముసలాళ్ళున్నారు. అందరినీ వీపున వేసుకుని నడవాలి. ఎంతమంది అవతల తేలతారో ఆ దేవుడికెరుక. పొద్దున్నే ఇంకోసారి చూసి చెప్పు. వెచ్చన అంటే గట్టు మీద ఎర్ర శాలువా ఎత్తుతాను. కింద వాళ్ళు చూసి బయల్దేరతారు."

శరభయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. పొమ్మంటే పసిబిడ్డలు ఆ లోయలో ఏమవుతారో! ఉండమంటే ఊరే మంచు కింద ఏమవుతుందో! రెండూ తన నాలుక చివర ఉన్నాయి. స్వామి వైపు చూశాడు. స్వామి రొట్టెముక్క నములుతున్నారు. ఆ రొట్టె తిరుపతి కొండలకంటే గట్టిది, కానీ ఆయన మొహంలో దాని ఛాయలు కూడా లేవు.

తెలతెలవారుతుండగా ముగ్గురూ గట్టు ఎక్కారు. ఆ పొద్దు చలి ఎలాంటిదంటే, శరభయ్య నీడ కూడా గుమ్మం దాటనని మొరాయించింది. ఆకాశం తేటగా ఉంది, అయినా ఎక్కడి నుంచో ఒకటీ అరా మంచురేకులు రాలుతున్నాయి. సూరజ్‌మణి కర్రకు ఎర్ర శాలువా కట్టి పట్టుకుని నిలబడింది. కింద ఝరోలిలో ఇళ్ళ ముందు మనుషులు నల్లటి చుక్కల్లా గుమిగూడి ఉన్నారు.

శరభయ్య పెట్టె తలుపు తీశాడు. లాంతరు లోపలికి పెట్టాడు. వంగాడు. ఆయాసపడుతూ చూశాడు. సున్నాకు కింద పద్దెనిమిది. కళ్ళు నులుముకుని ఇంకా దగ్గరికి జరిగాడు. పదిహేడున్నర! లాంతరు ఇంకాస్త ముందుకు జరిపి మళ్ళీ చూశాడు. పదహారు!

"స్వామీ! నా కళ్ళముందే ఎక్కుతోంది!" అరిచాడు శరభయ్య. "కొండ కరిగిపోతోంది స్వామీ!"

సూరజ్‌మణి కర్ర పైకెత్తబోయింది.

"ఉండు తల్లీ," అన్నారు స్వామి. "శరభా, తలుపు వేసి ఇటు రా. నాకో చిన్న పనుంది."

"ఇప్పుడా స్వామీ!"

"ఇప్పుడే."

స్వామి తన నల్ల కంబళి కొంగు చాచి పట్టుకున్నారు. గాల్లోంచి ఒక మంచురేకు ఊగుతూ వచ్చి దాని మీద వాలింది. నల్లటి ఉన్ని మీద తెల్లగా, పిల్లి మీసమంత సన్నగా.

"దీనికి కొమ్మలెన్నో చూసి చెప్పు. నా కళ్ళకు ఆనడం లేదు."

శరభయ్యకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడ ఊరు ఊరంతా కొట్టుకుపోతుంటే ఈయనకు కొమ్మల లెక్క! అయినా గురువు మాట. లాంతరు దగ్గరగా పట్టి వంగాడు. లెక్క మొదలుపెట్టే లోపే అక్కడ నీటిచుక్క మిగిలింది.

"కరిగిపోయింది స్వామీ."

"ఇంకోటి వాలింది చూడు."

ఈసారి ఇంకా గబగబా, ఇంకా దగ్గరగా వంగాడు. అదీ పోయింది.

"ఇవి మరీ పిరికివి స్వామీ. మనిషి మొహం చూస్తేనే చస్తున్నాయి!"

"అవా పిరికివి?" అన్నారు స్వామి.

సూరజ్‌మణి కిసుక్కున నవ్వబోయి ఆపుకుంది.

మూడో రేకు వాలింది. శరభయ్య వంగబోయి ఆగాడు. కంబళి మీద రెండు నీటిచుక్కలు అప్పుడే గట్టిపడుతున్నాయి. తన నోటి ముందు తెల్లగా, దట్టంగా, పొయ్యి గొట్టంలోంచి వచ్చినట్టు ఆవిరి లేస్తోంది. దాన్ని ఇంతకాలం చూడనేలేదు.

లాంతరు తీసి అవతల మంచులో పెట్టాడు. పెదాలు బిగించాడు. ఊపిరి బిగబట్టి, కొంచెం ఎడంగా, తెల్లవారే వెలుతురులో కళ్ళు మాత్రం దించాడు.

రేకు అలాగే ఉంది. ఒకటి, రెండు, మూడు... ఆరు కొమ్మలు. ఒక్కో కొమ్మకీ మళ్ళీ చిన్న కొమ్మలు. ఏ కంసాలి కొట్టంలోనూ అంత పని జరిగి ఉండదు. చెబుదామని నోరు తెరవబోయి మానుకున్నాడు. ఆరు వేళ్ళు చూపించాడు. స్వామి కళ్ళకు ఆ వేళ్ళు ఆనవన్న సంగతి కూడా గుర్తులేదు.

అలా వేళ్ళు చాపే ఉండి, మెల్లిగా తల తిప్పి తెల్ల పెట్టె వైపు చూశాడు.

కింద చుక్కలు కదలకుండా ఎదురుచూస్తున్నాయి.

శరభయ్య లాంతరును అక్కడే వదిలేసి నడిచాడు. ఎలుగుబంటి ఉన్నా లేచి దారి ఇచ్చేంత నెమ్మదిగా నడిచాడు. పెట్టెకు చేయి చాపేంత దూరంలో ఆగాడు. గాలి నిండా పీల్చి బిగబట్టాడు. తలుపు తీశాడు. ఒక్కసారి చూశాడు. మూశాడు. రెండోసారి చూడాలని వేళ్ళు దురదపెట్టాయి. వాటిని చంకల్లో ఇరికించుకున్నాడు.

"ఎంత, చిన్న బాబా?" సూరజ్‌మణి అడిగింది. కర్ర మీద శాలువా గాలికి కొట్టుకుంటోంది.

శరభయ్య పెట్టెకు దూరంగా నాలుగడుగులు వేసి, మొహం లోయ వైపు తిప్పి, అప్పుడు వదిలాడు ఊపిరి. ఆ ఊపిరి ఉందే, రెండు నెలలుగా దాచుకున్న ఊపిరి అది! గట్టు దాటి, లోయ మీదుగా, ఎదుటి కొండ దాకా తెల్లగా సాగిపోయింది.

"సున్నాకు కింద ఇరవై నాలుగమ్మా," అన్నాడు. "మీ మేకల గడ్డాలు చెప్పిందే నిజం."

సూరజ్‌మణి కింద ఊరి వైపు చూసింది. తర్వాత కర్రకున్న ముడి విప్పింది. శాలువా దులిపి, తలమీదుగా కప్పుకుంది.

కింద ఒక ఇంటి కప్పులోంచి పొగ లేచింది. పక్కనే ఇంకొకటి. మూటలు లోపలికి పోతున్నాయి.

శరభయ్య వచ్చి గురువు పాదాల దగ్గర మంచులో కూర్చున్నాడు. రెంటచింతల వాడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ కొండ చరిత్రలోనే లేదు.

స్వామి కంబళి దులుపుకుని లేచారు. కర్రతో తడుముతూ రెండడుగులు వేసి ఆగారు.

"ఆ లాంతరు ఆర్పెయ్ శరభా," అన్నారు. "తెల్లారింది."