దొరకొచ్చిన మగజబ్బు

బులిసుబ్బయ్య టెంటుహౌసు వాళ్ళకి తమ తెలివంటే తమకే మహా ముచ్చట. ఇంట్లో ఉండేది ముగ్గురు: బులిసుబ్బయ్య, ఆయన భార్య వెంకాయమ్మ, ఆవిడ తమ్ముడు తాతబ్బాయి. "ఊళ్ళోవాళ్ళు చెప్పింది ఒకటయితే చేసేది ఒకటి. మనం అలా కాదు, చెప్పింది చెప్పినట్టే" అని రోజుకోసారి ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకునేవారు. ఒకసారి పెళ్ళివారు "గంగాళాలు గుమ్మంలో పెట్టేసి వెళ్ళండి" అన్నారు. అంతే, సరిగ్గా గుమ్మంలోనే పెట్టేసి వెళ్ళారు. పాపం పెళ్ళికొడుకు పంచె ఎగ్గట్టుకుని గంగాళాలెక్కి లోపలికి దిగాల్సొచ్చింది.

ఆ ఇంట్లో నాలుగో ప్రాణి దొర. షామియానాల గుట్ట మీద పడుకుని పదేళ్ళుగా కాపలా కాస్తున్న మగకుక్క. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు వెంకాయమ్మే దూదిని పాలల్లో ముంచి నోట్లో పిండి పెంచింది. అలాంటి దొర నాలుగు రోజులుగా పెరట్లో నడుం వంచి కూచుని గంటలకొద్దీ ముక్కుతున్నాడు. వచ్చేది మాత్రం ఏమీ లేదు. ఆ పొద్దున ఒంటేలులో నెత్తురు చుక్క కూడా కనపడింది. వెంకాయమ్మ వీడికేమన్నా అయితే నేను బతకను అనుకుంది, నిజంగానే అనుకుంది.

ముగ్గురూ పశువుల ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఏదీ కుక్క?" అంది.

"ఇంట్లో పడుకోబెట్టామండి. ఒంట్లో బాగోలేనోణ్ణి ఎండలో తిప్పకూడదు కదండీ" అన్నాడు బులిసుబ్బయ్య గొప్పగా.

డాక్టరమ్మ ఓ నిట్టూర్పు విడిచింది. "సరే, ఇవాళంతా వాడి వెనకాలే ఉండి, విరేచనం ఎలా అవుతోందో చూడండి. రిబ్బనులా చదునుగా వస్తే లోపల ఏదో అడ్డుపడుతున్నట్టు. రేపు స్కానింగు తీద్దాం. పొద్దున్నే ఏమీ తినకుండా, నీళ్ళు బాగా తాగి, ఒంటేలుకి వెళ్ళకుండా రండి."

ఇంకేముంది! ఇంటికి రాగానే ముగ్గురూ దొర తోక వెనకాల వరసగా నిలబడ్డారు. దొర ఇదేం గోలరా అని వెనక్కి తిరిగాడు.

"అక్కా, కొంప మునిగింది! ముందుకొచ్చేశాం! వెనకాలకి పదండి!" అని తాతబ్బాయి కేకేశాడు.

ముగ్గురూ చుట్టూ పరిగెత్తి మళ్ళీ తోక వైపు చేరారు. దొర మళ్ళీ తిరిగాడు. వీళ్ళు మళ్ళీ పరిగెత్తారు. సాయంత్రానికి పెరట్లో గుండ్రంగా బాట పడిపోయింది. అంతమంది రెప్ప వెయ్యకుండా చూస్తుంటే ఏ ప్రాణికి మాత్రం వస్తుంది? దొర ముక్కడం కూడా మానేశాడు.

మర్నాడు ఆసుపత్రికి ముగ్గురూ కాళ్ళు మెలేసుకుని, చెమటలు కక్కుతూ వచ్చారు. దొర మాత్రం మిగిలిపోయిన పులిహోర సుష్టుగా తిని, దారిలో ఉన్న స్తంభాలన్నిటినీ తడిపి మరీ వచ్చాడు.

"తినకుండా రమ్మంది కుక్కనండీ బాబూ!" అంది డాక్టరమ్మ తల పట్టుకుని.

"మీరు మా మొహాలే చూసి చెప్పారు కదండీ. మధ్యలో వాడికేం తెలుసు?" అంది వెంకాయమ్మ, పళ్ళబిగువున నిలబడి.

"ముందు మీ ముగ్గురూ దొడ్డివైపు వెళ్ళి రండి!"

వాళ్ళు తేలికపడి వచ్చాక డాక్టరమ్మ చేతికి తొడుగేసుకుని, దొరకి వెనకనుంచి వేలు పెట్టి లోపల తడిమి చూసింది. 'నువ్వుండగా నాకిదేం ఖర్మ' అన్నట్టు దొర వెంకాయమ్మ వంక చూశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మొహం తిప్పేసుకుంది. తర్వాత పొట్ట మీద బొచ్చు గొరిగి, స్కానింగు తీశారు.

"భయం లేదమ్మా. మూత్రసంచి దగ్గర ప్రొస్టేటు అని ఒక గ్రంథి ఉంటుంది. అది నిమ్మకాయంత అయి పేగుని నొక్కేస్తోంది" అంది డాక్టరమ్మ.

"నిమ్మకాయా! ఊరగాయకి తెచ్చినవి మూతపెట్టమంటే విన్నారా?" అని వెంకాయమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"నిమ్మకాయ కాదమ్మా, నిమ్మకాయంత! వయసొచ్చిన మగకుక్కలకి మామూలే. ఆడకుక్కలకి ఈ జబ్బు రాదు. శుక్రవారం తీసుకురండి. వృషణాలు తీసేసే ఆపరేషను చేస్తే కొన్ని వారాల్లో వాపు దానంతటదే తగ్గిపోతుంది."

ఆపరేషను అనేసరికి వెంకాయమ్మ ఏడుపు లంకించుకుంది. దారంతా ఏడుస్తూనే నడిచింది. ఇంటిగుమ్మం దగ్గర ఠక్కున ఆగింది.

"ఏవండీ, మగకుక్కలకే వస్తుందన్నారు కదా! వీణ్ణి ఆడకుక్కని చేసేస్తే పోలా? కత్తెందుకు?"

"నీ బుర్రే బుర్రే!" అన్నాడు బులిసుబ్బయ్య.

అంతే. దొరకి నుదుటిన బొట్టు పెట్టారు, ముంగాళ్ళకి గాజులు తొడిగారు, వెంకాయమ్మ పాత నేతచీర నడుముకి చుట్టారు. దొరసాని అని పేరు కూడా మార్చారు. శుక్రవారం ఆ వేషంలోనే తీసుకెళ్ళి, "ఇంక ఆపరేషను అక్కర్లేదండి, ఆడకుక్క అయిపోయింది" అని చెప్పారు. డాక్టరమ్మ దొరసానిని లోపలికి తీసుకుపోయి, చీర విప్పి, మత్తిచ్చి, చెయ్యాల్సింది చేసి పంపింది.

మూడో వారం ఓ పొద్దున దొర అరటిచెట్టు చాటుకి వెళ్ళి, హాయిగా కూచుని, హాయిగా లేచి తోకాడించాడు. వెంకాయమ్మ వాణ్ణి వాటేసుకుని బావురుమంది. "చూశారా, చీర మహత్యం!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

కుక్కని మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ బులిసుబ్బయ్యతో మంచిమాటే చెప్పింది. "బాబాయిగారూ, అరవై దాటిన మగవాళ్ళకీ ఈ వాపు రావచ్చు. మనుషుల ఆసుపత్రిలో ఓసారి చూపించుకోండి."

మర్నాడు పెద్దాసుపత్రిలో చీటీ పిలవగానే లోపలికి ఒక పట్టుచీర వచ్చింది. చేతినిండా గాజులు, రూపాయంత బొట్టు, గుబురు మీసం. పక్కనే వెంకాయమ్మ.

డాక్టరు కుర్చీలోంచి సగం లేచి, "ఏమిటమ్మా... అయ్యా... సమస్య?" అన్నాడు.

"సమస్యేం లేదండి, ఆయ్. ముందే జాగ్రత్తపడ్డాం. పొద్దుట్నుంచీ ఈయన ఆడమనిషేనండి. జబ్బు రాదని ఓ కాయితం రాసిచ్చేస్తే వెళ్ళి పందిరేసుకుంటాం" అంది వెంకాయమ్మ.

"మరి ఆ మీసం?"

"భలేవారే! అదీ తీసేస్తే ఈయన మా ఆయనేనని నాకెలా తెలుస్తుందండీ?"